ముందు నెల, తర్వాతే ఊరు: సముద్రం, వర్షారణ్యం కలిసొచ్చే సెలవు ప్రయాణానికి నెల్లూరు, ప్రకాశం వాళ్ల సమగ్ర మార్గదర్శి

కొత్తపట్నం నుంచి పాకల, రామాయపట్నం, మైపాడు, కోడూరు దాకా మనకు సముద్రానికి కొదవ లేదు. పడమటి దిక్కున నల్లమల, వెలిగొండలు ఉన్నాయి కాబట్టి అడవికీ కొదవ లేదు. కానీ ఆకు రాలని తడి అడవి కొండ దిగి ఉప్పునీళ్ల ఒడ్డు దాకా వచ్చే చోటు మాత్రం మన రెండు జిల్లాల్లో ఎక్కడా లేదు. అది చూడాలంటే పశ్చిమ కనుమలు దాటాలి, లేదా అండమాన్ వెళ్లాలి. చేతిలో డబ్బు, పాస్‌పోర్టు ఉంటే శ్రీలంక, థాయ్‌లాండ్, మలేసియా దాకా పోవచ్చు.

మనలో చాలామందికి ఇది ఏటా చేసే ప్రయాణం కాదు. రెండు మూడేళ్లు కూడబెట్టి, అమ్మానాన్నల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లేది. అలాంటిదానికి చాలా ఇళ్లలో ముందు ఊరు ఖాయమైపోతుంది. ఎవరో ఫొటోలు పెడతారు, 'ఈసారి మనమూ అక్కడికే' అనుకుంటారు, ఆ తర్వాత సెలవులు ఎప్పుడు దొరికితే అప్పుడు టికెట్లు తీస్తారు. వెళ్లి చూస్తే సముద్రం మీద ఎర్రజెండా, జలపాతం దారికి గేటు. నా మాట ఒక్కటే: వరస మార్చండి. మీకు సెలవు దొరికే నెల ముందు రాసుకోండి. ఆ నెలలో ఏ తీరం ప్రశాంతంగా ఉంటుందో చూడండి. ఊరి పేరు చివర్న దానంతటదే తేలుతుంది.

మొదటి అడుగు: ఏ అడవి కావాలో తెలుసుకోండి

గిద్దలూరు నుంచి నంద్యాల వైపు ఘాట్ రోడ్డులో వేసవిలో వెళ్లినవాళ్లకు నల్లమల ఎలా ఉంటుందో తెలుసు. ఆకు రాలిపోయి, కొమ్మల సందుల్లోంచి ఎండ నేరుగా నేలమీద పడుతుంటుంది. అది ఆకురాల్చే పొడి అడవి. వర్షారణ్యం దారి వేరు. అక్కడ ఏ కాలంలోనూ చెట్లన్నీ ఒక్కసారిగా ఆకు రాల్చవు. పైన కొమ్మలు ఒకదాంతో ఒకటి అల్లుకుపోయి మిట్టమధ్యాహ్నం కూడా కింద మసకగానే ఉంటుంది. చెట్ల మానుల మీద నాచు, ఆర్కిడ్లు, ఫెర్న్‌లు మొలుస్తాయి. ఉతికి ఆరేసిన చొక్కా రెండో రోజుకి కూడా ఆరదు.

తేడా అంతా వానలో ఉంది. నెల్లూరులో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు వెయ్యి మిల్లీమీటర్లు, ప్రకాశంలో అంతకన్నా తక్కువ. కర్ణాటకలోని ఆగుంబెలో అది ఏడు వేల మిల్లీమీటర్లు దాటుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. అరేబియా సముద్రం మీది తడిగాలి పశ్చిమ కనుమలకు తగిలి పైకి లేచి, చల్లబడి, నీళ్లన్నీ అటువైపే దించేస్తుంది. కొండ దాటి మన వైపు వచ్చేసరికి ఆ గాలిలో తడి మిగలదు. మనకు వడగాడ్పులు, వాళ్లకు వర్షారణ్యం రావడానికి కారణం ఆ ఒక్క కొండల వరసే.

అయ్యప్ప మాల వేసుకుని ఎరుమేలి నుంచి కరిమల మీదుగా పెద్దపాదం నడిచినవాళ్లకు ఈ అడవి కొత్త కాదు. శబరిమల ఉన్నది పెరియార్ పులుల అభయారణ్యంలోనే. కొండెక్కేటప్పుడు చుట్టూ చూసిన ఆ చీకటి పచ్చదనమే వర్షారణ్యం. ఇంట్లో అలా వెళ్లొచ్చినవాళ్లు ఉంటే మిగతావాళ్లకు వాళ్లచేతే చెప్పించండి.

ఒక్క విషయంలో ఆశ అదుపులో పెట్టుకోవాలి. ఇక్కడ మైదానంలో లాగా జంతువులు బారులు తీరి కనపడవు. దట్టమైన ఆకుల మధ్య ఏనుగు పది గజాల్లో ఉన్నా కనపడకపోవచ్చు. కనిపించేవి కప్పలు, సీతాకోకచిలుకలు, హార్న్‌బిల్ పక్షులు, చెట్ల మీద గెంతే మలబారు పెద్ద ఉడతలు, అదృష్టం బాగుంటే సింహపుతోక కోతి. వీటిని ఓపిగ్గా చూసే మనసు లేనివాళ్లను రోజంతా అడవిలో తిప్పితే విసుగొస్తుంది.

అందుకే ఖర్చు లేని పరీక్ష ఒకటి ముందే పెట్టుకోండి. ఒక ఆదివారం మైపాడుకో కొత్తపట్నానికో, ఇంకో ఆదివారం పెంచలకోనకో భైరవకోనకో ఇంటిల్లిపాదీ వెళ్లండి. నీళ్లు వదిలి రానిది ఎవరు, మెట్లెక్కలేక ఆగింది ఎవరు, గంటకే ఇంటికెళదామన్నది ఎవరు అన్నది గమనించండి. ప్రయాణంలో సముద్రానికి ఎన్ని రోజులు, అడవికి ఎన్ని రోజులు అన్న లెక్క అక్కడే తేలిపోతుంది. పిల్లలున్న ఇంటికి నా లెక్క మూడు వంతులు సముద్రం, ఒక వంతు అడవి.

ఈ దశలోనే రెండు పేర్లు కొట్టేయొచ్చు: మాల్దీవులు, లక్షద్వీప్. నీళ్లు అద్దంలా ఉంటాయి, పగడపు దిబ్బలు అద్భుతం. కానీ అవి సముద్రమట్టానికి కాస్తే పైకి లేచిన పగడపు దీవులు. అక్కడ కొండ లేదు, ఏరు లేదు, వర్షారణ్యం లేదు. లక్షద్వీప్‌కి ముందుగా అనుమతి పత్రం కూడా కావాలి. సముద్రం ఒక్కటే చాలనుకునేవాళ్లు వెళ్లొచ్చు.

రెండో అడుగు: మీ నెల ఏది

అసలు పని ఇక్కడుంది.

మనకు వాన ఎప్పుడు? ఆశ్వయుజ, కార్తీకాల్లో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే నెల్లూరు వానలో సగానికి పైగా తెస్తాయి. కాబట్టి జూన్, జులై అంటే మనకు ఎండ తగ్గని నెలలే తప్ప సముద్రానికి వెళ్లకూడని నెలలుగా అనిపించవు. పశ్చిమ తీరంలో అంతా దీనికి ఎదురు. జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకే నైరుతి రుతుపవనాలు సెప్టెంబరు దాకా గోవా, కర్ణాటక, కేరళ తీరాల్ని అతలాకుతలం చేస్తాయి. మనం వానలో తడిసే నవంబరు, డిసెంబరుల్లో అక్కడ, ముఖ్యంగా గోవా, ఉత్తర కర్ణాటక తీరాల్లో, ఆకాశం తేటగా ఉంటుంది. నెల్లూరు కాలాన్ని మనసులో పెట్టుకుని గోవా టికెట్ తీస్తే తప్పు నెలలో దిగుతాం.

చేపల వేట నిషేధం తేదీలు గుర్తుపెట్టుకున్నా కొంత ఉపయోగం. మన తూర్పు తీరంలో, అండమాన్‌లో మరబోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా నిషేధం. అది చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టింది. అయితే పశ్చిమాన సముద్రం భయంకరంగా ఉండేదీ ఆ రోజుల్లోనే. పైగా చేపల పులుసు లేనిదే ముద్ద దిగని మన నెల్లూరు నోటికి ఆ నెలల్లో తీరానికి వెళ్లినా తాజా చేప దొరకడం కష్టం.

ఇప్పుడు మన సెలవుల వరసలో చూద్దాం.

సంక్రాంతి. జనవరి అంటే తిరుగులేని నెల. అండమాన్, గోవా, గోకర్ణ, కేరళ, శ్రీలంక నైరుతి తీరం, థాయ్‌లాండ్‌లో క్రాబి, ఫుకెట్ వైపు, మలేసియాలో లంకావీ, అన్నీ బాగుంటాయి. కుదరనివి బాలి, మలేసియా తూర్పు తీరపు దీవులు. బాలికి అది వానాకాలం. పెర్హెంతియాన్, తియోమాన్ లాంటి దీవుల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలా బసలు మూసేసి ఉంటాయి. జనవరికి ఒకటే లోటు: జలపాతాలు సన్నబడతాయి. కర్ణాటకలోని జోగ్ జలపాతం ఎత్తు 253 మీటర్లు. కానీ పైన లింగనమక్కి డ్యామ్ ఉంది కాబట్టి సంక్రాంతికి వెళితే సన్నని పాయలే కనిపిస్తాయి.

దసరా. ఇది మధ్యస్థం. అక్టోబరు మొదట్లో పశ్చిమ తీరంలో సముద్రం ఇంకా పూర్తిగా సర్దుకోదు. నెలాఖరుకి తేరుకుంటుంది. కేరళలో మాత్రం ఈశాన్య రుతుపవనాల తులావర్షం మొదలై సాయంత్రాలు ఉరుములతో వాన కొడుతుంది. మీ మనసు అడవి మీద, జలపాతాల మీద ఎక్కువుంటే దసరాను మించింది లేదు. అడవి అప్పుడే స్నానం చేసి వచ్చినట్టుంటుంది, ఏర్లు నిండుగా పారుతుంటాయి. ఈత ముఖ్యమైతే వాయిదా వేసుకోండి. ఇదే నెలలో బంగాళాఖాతంలో తుపానులు మొదలవుతాయి కాబట్టి దసరాకి అండమాన్ వద్దంటాను.

వేసవి సెలవులు. ఎక్కువమంది కదిలేది మేలోనే, తప్పు చేసేదీ మేలోనే. అండమాన్‌కి రుతుపవనాలు మే 20కి అటూ ఇటూగా వచ్చేస్తాయి. ఏప్రిల్ చివర, మే మొదటి వారంలో వెళితే ఫర్వాలేదు. ఆ తర్వాత లాంచీలు రద్దవుతుంటాయి. పశ్చిమ తీరం మేలో ఉక్కపోత. విదేశం వెళ్లగలిగితే మాత్రం మే నుంచి తలుపులు ఇంకో వైపు తెరుచుకుంటాయి: బాలికి పొడికాలం, మలేసియా తూర్పు దీవులకు మంచి కాలం, థాయ్‌లాండ్‌లో కో సముయ్ వైపు ప్రశాంతం.

ఆగస్టు, సెప్టెంబరు. ఇది బడి సెలవుల కాలం కాదు గానీ పొగాకు రైతులకు ఇవే తీరిక రోజులు. వేలం కేంద్రాల్లో ఆఖరి బేళ్లు అమ్ముడుపోయి, అక్టోబరులో మళ్లీ నాట్లు పడేలోపు కందుకూరు, కొండపి వైపు కుటుంబాలకు చేతిలో నాలుగు డబ్బులు, నాలుగు రోజులు ఉంటాయి. అప్పుడే గోవా హోటళ్లు సగం ధరకు ఊరిస్తాయి. ఈత కోసమైతే ఆ ధరకు లొంగకండి. వానను చూడటానికే వెళ్లేవాళ్లయితే ఆనందంగా వెళ్లండి, ఆ నెలల్లో పశ్చిమ కనుమల పచ్చదనం కళ్లు తిప్పుకోనివ్వదు. అయితే ఘాట్ రోడ్ల మీద కొండచరియల భయం ఉంటుంది. 2024 జులై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్లకు జరిగింది మరచిపోయేది కాదు. భారీ వాన హెచ్చరిక ఉన్న రోజు కొండవాలు బసలో ఉండొద్దు.

మూడో అడుగు: తీరానికీ అడవికీ మధ్య గంటలు లెక్కేయండి

మ్యాప్‌లో దగ్గరగా కనిపించిన రెండు చోట్లు ఘాట్ రోడ్డు మీద దగ్గర కావు. కిలోమీటర్లు వదిలేయండి, గంటలు చూడండి. ఒక బస నుంచి రెండో బసకు మూడు గంటలు మించకూడదు. అంతకుమించితే ఒక రోజు దారిలోనే పోతుంది, పెద్దవాళ్లకు నడుము పోతుంది. శ్రీలంకలో ట్రింకోమలీ వైపు తూర్పు తీరం ఆగస్టులో చక్కగా ఉంటుంది, సింహరాజ అడవీ ఆగస్టులో బాగుంటుంది. కానీ అడవి ఉన్నది నైరుతి మూలన. ఒకచోటి నుంచి ఇంకోచోటికి పగలంతా ప్రయాణం. రెండూ మంచివే అయినా జత కుదరలేదు.

మన ఊళ్ల నుంచి దారి కూడా చూసుకోవాలి. మనకు విమానమంటే ప్రధానంగా చెన్నై. నెల్లూరు నుంచి జాతీయ రహదారి 16 మీద సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 290 దాకా. కేరళ వెళ్లేవాళ్లకు శబరి ఎక్స్‌ప్రెస్ ఒంగోలు, నెల్లూరు మీదుగా పాలక్కాడ్, త్రిశూర్, ఎర్నాకుళం, కొల్లం చేరుస్తుంది. నవంబరు నడిమి నుంచి మకరజ్యోతి దాకా అయ్యప్ప భక్తులతో ఆ బండిలో చోటు దొరకదు, ఆ రోజుల్లో వెళ్లాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజే తీయాలి. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు వాళ్లకు వేరే మార్గముంది: గుంటూరు, మార్కాపురం రోడ్డు, నంద్యాల మీదుగా వాస్కో దాకా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్. అది వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. కానీ గోవా చేరేముందు కాజిల్‌రాక్ నుంచి కులెం దాకా ఘాట్ దిగేది వర్షారణ్యం మధ్యలోంచే, దూద్‌సాగర్ జలపాతం పక్కనుంచే. అడవి చూడటం బండిలో కూర్చునే మొదలవుతుంది. ఆ భాగం పగటిపూట వచ్చేట్టు సమయాలు చూసుకోండి.

నాలుగో అడుగు: ఈ జతల్లో మీది ఎంచుకోండి

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను మొదట చెప్పేది కర్ణాటక తీరం. కారణం, అక్కడ సముద్రం, అడవి, గుడి మూడూ ఒకే దారిలో ఉంటాయి. కొల్లూరు మూకాంబిక గుడి చుట్టూ ఉన్నది సతతహరితారణ్యమే. అక్కడి నుంచి కిందికి దిగితే మరవంతె, రోడ్డుకి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సౌపర్ణికా నది. తీరం వెంట ఉత్తరానికి వెళితే మురుడేశ్వర్, ఇంకా పైన గోకర్ణలో ఓం బీచ్, కుడ్లె బీచ్. దక్షిణానికి వస్తే ఉడుపి కృష్ణుడు, మల్పె నుంచి పడవలో సెయింట్ మేరీస్ దీవి, వానాకాలంలో ఆ పడవలు ఉండవు. ఉడుపి నుంచి ఘాట్ ఎక్కితే 55 కిలోమీటర్లలో ఆగుంబె, ఇంకో 30లో శృంగేరి. ఆగుంబెలో 2005లో రోములస్ విటేకర్ మొదలుపెట్టిన వర్షారణ్య పరిశోధనా కేంద్రం ఉంది. రాచనాగుల మీద అక్కడ జరిగిన పని ప్రపంచానికి తెలుసు. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి మంగళూరు మెయిల్ గానీ వెస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ గానీ పట్టుకోవచ్చు, లేదా బెంగళూరు వెళ్లి కార్వార్ దాకా పోయే పంచగంగ ఎక్కొచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. జోగ్ కూడా కావాలంటే అక్టోబరు చివర.

చిన్న పిల్లలు, కుర్ర జంటలు అయితే దక్షిణ గోవా. గోవా అంటే బాగా, కలంగూట్ గోలే గుర్తొస్తుంది గానీ కాణకోణ వైపు పాలొలెం, అగోండా నెమ్మదైన తీరాలు. పాలొలెం ఒడ్డు వంపు తిరిగి ఉండటంతో అలల జోరు తక్కువ, పిల్లలకు మేలు. అక్కడికి అరగంట లోపు కోటిగావ్ అభయారణ్యం. పొద్దున్నే వెళ్లి పక్షుల్ని చూసి, మధ్యాహ్నానికి ఇసుకలో ఉండొచ్చు. ఇంత దగ్గరి జత మన దేశపు ప్రధాన భూభాగంలో అరుదు. కులెం నుంచి దూద్‌సాగర్‌కి జీపులు అక్టోబరు నుంచి నడుస్తాయి, వానాకాలంలో ఆపేస్తారు.

కేరళలో అందరూ మున్నార్ అంటారు. అక్కడ ఎక్కువగా కనపడేది తేయాకు తోటలు, అడవి కాదు. అసలైన తడి అడవి కావాలంటే అతిరప్పిల్లి, వాళచ్చాల్ వైపు వెళ్లండి. త్రిశూర్‌లో దిగితే సుమారు 60 కిలోమీటర్లు. ఏటి ఒడ్డు చెట్ల మీద హార్న్‌బిల్స్ కనిపిస్తాయి. తర్వాత రెండు గంటల్లో చెరాయ్ బీచ్. లోతైన అడవి కావాలనుకునేవాళ్లకు పాలక్కాడ్ జిల్లాలో సైలెంట్ వ్యాలీ ఉంది. అక్కడ ఆనకట్ట కట్టకుండా ఆపిన ప్రజా ఉద్యమం తర్వాత 1984లో జాతీయ పార్కు అయింది. ముక్కాలి నుంచి అటవీశాఖ వాహనంలోనే లోపలికి తీసుకెళతారు, రోజుకి కొద్దిమందినే, కాబట్టి ముందే చెప్పుకోవాలి.

ఇక అండమాన్. తీరం, అడవి రెండింటికీ పూర్తి మార్కులు పడేది మన దేశంలో ఇక్కడే. చెన్నై నుంచి విమానం రెండుంబావు గంటలు. ఓడలో అయితే చెన్నై నుంచో విశాఖ నుంచో దాదాపు మూడు రోజులు. పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. టికెట్లు తీసేటప్పుడు రెండు పేర్లూ కనపడతాయి, తికమకపడకండి. స్వరాజ్ ద్వీప్‌లో రాధానగర్ బీచ్‌కి చేరే దారే పెద్ద చెట్ల అడవి. చెట్ల నీడ ఇసుక మీద పడుతుండగా స్నానం చేయడమన్నది మన వైపు తీరంలో ఎన్నడూ ఎరుగని అనుభవం. పోర్ట్‌బ్లెయిర్‌కి ఎదురుగా ఉన్న మౌంట్ హారియట్ జాతీయ పార్కు (ఇప్పుడు మౌంట్ మణిపుర్) కొండ మీద సతతహరితారణ్యంలో నడవొచ్చు. పాత ఇరవై రూపాయల నోటు వెనక కనపడే కొబ్బరిచెట్ల తీరం అక్కడి నుంచి కనిపించే దృశ్యమే. చిడియా టాపు అడవి కూడా ఊరికి దగ్గర.

బారాటాంగ్ సున్నపురాయి గుహలకు అందరూ వెళతారు. ఆ రోడ్డు జారవా తెగవారి అభయారణ్యంలోంచి పోతుంది. వాహనాలను వరసగా కాన్వాయ్‌లో పంపుతారు. జారవాలను ఫొటో తీయడం, తిండి ఇవ్వడం నేరం. చట్టాన్ని పాటించినా సరే, మనుషుల ఇళ్ల మధ్యలోంచి వాళ్లు కోరని జనాన్ని రోజూ బారులుగా తీసుకెళ్లడం నాకు సమ్మతం కాదు. ఆ రోజు షహీద్ ద్వీప్‌లో గడపమంటాను. తీరం నుంచి గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకురావడం కూడా అక్కడ నేరమే, విమానాశ్రయంలో తీసేసుకుంటారు, పిల్లలకు ముందే చెప్పండి. అండమాన్‌లో ఇంకో సంగతి ఆటుపోట్లు. మన దగ్గర పోటుకీ ఆటుకీ తేడా పెద్దగా తెలియదు. అక్కడ ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కిపోయి రాళ్లు బయటపడతాయి. అమావాస్య, పున్నమి రోజుల్లో మరీ ఎక్కువ. బస ముందున్న సముద్రంలో ఈదాలనుకుంటే పోటు ఎన్ని గంటలకో అడిగి తెలుసుకోండి.

విదేశాల్లో మూడు దేశాల జతలు చెబుతాను. జనవరి నుంచి మార్చి దాకా అయితే శ్రీలంక. చెన్నై నుంచి కొలంబో గంటన్నర విమానం. గాలె, మిరిస్స తీరం, అక్కడి నుంచి దెనియాయ వైపు సింహరాజ అడవి. 1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆ నెలల్లోనే మిరిస్స నుంచి నీలి తిమింగలాల్ని చూడటానికి పడవలు వెళతాయి. అదే కాలానికి లంకావీ కూడా సరిపోతుంది. మచించాంగ్ కొండల అడవి సముద్రం అంచు దాకా వస్తుంది, బస మారకుండానే రెండూ చూడొచ్చు. నడవలేని పెద్దవాళ్లు కేబుల్ కార్ ఎక్కి అడవిని పైనుంచి చూడొచ్చు. మలేసియాలో మన భోజనం దొరకడం కష్టం కాదు, అరటాకులో అన్నం పెట్టే హోటళ్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. మే నుంచి సెప్టెంబరు దాకా అయితే అదే దేశంలో తూర్పున తియోమాన్ దీవి. మెర్సింగ్ రేవు నుంచి పడవ. దీవి నడుమ కొండంతా వర్షారణ్యం, తెకెక్ నుంచి జుఆరా దాకా అడవిలో కాలిబాట ఉంది. థాయ్‌లాండ్‌లో ఖావో సోక్ అడవి రెండు తీరాలకూ మధ్యలో ఉంది, అది దాని సౌలభ్యం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా క్రాబితో, నడివేసవిలో సముయ్‌తో జత చేసుకోవచ్చు. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలోనే చూడండి. థాయ్‌లాండ్‌కి ముందుగా నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డు ఉచితం. దానికి డబ్బడిగే సైట్లను నమ్మొద్దు.

ఐదో అడుగు: వెంట వచ్చేవాళ్లు, తిండి

మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మను ఆగుంబె వానలో జారే రాళ్ల మీద నడిపించలేం. అలాంటివాళ్లు ఉంటే తీరంలో ఒకే బస పెట్టుకుని, అడవికి నడవగలిగినవాళ్లు పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయడం మంచిది. బస కింద అంతస్తులో ఉందా, పాశ్చాత్య మరుగుదొడ్డి ఉందా, ఆసుపత్రి ఎంత దూరం, ఇవి ఫోన్‌లో అడగడానికి మొహమాటపడొద్దు.

అన్నం విషయంలో మనవాళ్లు తేలిగ్గా రాజీపడరు. కర్ణాటక తీరంలో, కేరళలో ఎర్రని ఉప్పుడు బియ్యం వండుతారు. గింజ లావు, మన సన్నన్నం అలవాటైనవాళ్లకు మొదటి రోజు దిగదు. తెల్లన్నం కావాలని ముందే చెబితే హోమ్‌స్టేల్లో వండిపెడతారు. చేపలు కొబ్బరితో వండుతారు, మన పులుసు రుచి ఉండదు. కొత్త రుచి అనుకుని తింటే బాగుంటుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఈ బాధ తక్కువ, అక్కడ ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, బజారులో తెలుగు వినపడుతుంది.

ఆరో అడుగు: సముద్రానికీ అడవికీ జాగ్రత్తలు

మైపాడులో ఈదినవాడు ఎక్కడైనా ఈదగలడని అనుకోవద్దు. అలల మధ్య ఒకచోట నురగ లేకుండా నీళ్లు మట్టిరంగులో నిశ్చలంగా కనిపిస్తే అది లోపలికి లాగే ప్రవాహం కావచ్చు. చూడటానికి అదే భద్రమైన చోటులా ఉంటుంది, ప్రాణాలు తీసేదీ అదే. అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకండి. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే ప్రవాహం వదిలేస్తుంది, అప్పుడు వెనక్కి రండి. లైఫ్‌గార్డులున్న తీరంలో, జెండాల మధ్యనే దిగండి. అండమాన్‌లో మడ అడవుల వాగుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి, హెచ్చరిక బోర్డు ఉన్నచోట కాలు పెట్టొద్దు.

అడవిలో మొదట పలకరించేవి జలగలు. అవి రోగాలు అంటించవు, రక్తం కాసేపు ఆగదు, అంతే. మోకాళ్ల దాకా వచ్చే జలగల మేజోళ్లు కొనుక్కోండి, జేబులో ఉప్పు పొట్లం పెట్టుకోండి. పట్టుకుంటే లాగకుండా గోటితో పక్కకి నెట్టండి. అంతకన్నా పట్టించుకోవాల్సింది పిడుదులు. శివమొగ్గ, ఉత్తర కన్నడ అడవుల్లో డిసెంబరు నుంచి మే దాకా కోతిజ్వరం సోకే కాలం. 1957లో క్యాసనూరు అడవిలో మొదట గుర్తించిన ఈ జబ్బు పిడుదు కాటుతో వస్తుంది. నిండు చేతుల చొక్కా వేసుకోండి, పురుగులు దరిచేరని మందు రాసుకోండి, చనిపోయిన కోతి కనపడితే దగ్గరికి పోకండి, అటవీ సిబ్బందికి చెప్పండి. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఏ అడవికి వెళ్లారో డాక్టరుకు తప్పక చెప్పాలి.

అడవికి పొద్దున ఆరింటికి వెళ్లండి. పదిన్నర దాటితే పక్షుల సందడి తగ్గుతుంది. స్థానిక గైడును పెట్టుకోండి. అతని కూలి దగ్గర బేరమాడకండి, మీకు కనపడనివన్నీ చూపించేది అతనే.

ఏడో అడుగు: బుకింగ్ వరస

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికి వెళ్లాలంటే నవంబరులోనే తేదీలు ఖాయం కావాలి. ముందు విమానం లేదా రైలు, తర్వాత దీవుల మధ్య లాంచీ, తర్వాత అటవీ అనుమతి, చివర్న హోటల్. చాలామంది హోటల్‌తో మొదలుపెడతారు. గది ఇంకోటి దొరుకుతుంది, లాంచీలో సీటు దొరకదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై మీదుగా వెళ్లేవాళ్లు అటో రోజు, ఇటో రోజు చేతిలో ఉంచుకోవాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి చెన్నై విమానాశ్రయం 4వ తేదీన మూతపడింది, మన వైపు రైళ్లూ ఆగాయి. గమ్యంలో ఎండ కాస్తున్నా మనం ఇల్లు కదల్లేని రోజులు అవి. కాబట్టి ఆ నెలల్లో రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే టికెట్లే తీసుకోండి. అండమాన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి రాత్రి దీవుల్లో కాకుండా పోర్ట్‌బ్లెయిర్‌లోనే గడపండి. గాలి లేచి లాంచీ ఆగితే విమానం మీకోసం ఆగదు.

డబ్బు కట్టేముందు బస వాళ్లకు ఒక్క ఫోన్ చేయండి. మీరు వెళ్లే వారంలో కిందటేడు సముద్రంలో దిగనిచ్చారా, అడవి గేటు తెరిచే ఉందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా అని అడగండి. 'అన్నీ బాగుంటాయి సార్' అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లకన్నా, 'ఆ వారం వద్దండీ, పది రోజులాగి రండి' అనేవాళ్ల దగ్గరే గది తీసుకోండి.